గుదికర్ర కోసిన రోజు

మున్సిపాలిటీలలో పశువైద్యులుగా చేరబోతున్న కుర్రవాళ్లు కొందరు మొన్న మా ఇంటికి వచ్చారు. "సార్, ఈ పనిలో అన్నిటికన్నా కష్టమైంది ఏది?" అని అడిగారు. కుక్క పంటికి చెయ్యి అందకుండా సూది వెయ్యడం ఎట్లాగో చెబుతానని వాళ్లు అనుకున్నట్టుంది. అది నెల తిరక్కుండా చేతికి వస్తుంది. రాకపోతే కుక్కే నేర్పుతుంది. ఆ రోజు వాళ్లకు నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. కాఫీ తాగి వెళ్లిపోయారు. వాళ్లు వెళ్లాక కూర్చుని ఇది రాస్తున్నాను.

ఇందులో నా బదిలీలూ ప్రమోషన్లూ ఉండవు. చిత్తూరు వైపు ఒక చిన్న మున్సిపాలిటీలో పనిచేస్తున్నప్పుడు, నేను సూటిగా చెప్పాల్సిన ఒక మాటను తప్పించుకున్నాను. దానివల్ల ఎనిమిదేళ్ల పాప ఒకతె చావు అంచుదాకా వెళ్లింది. ఊరి పేరు రాయను. ఆ మనుషులు ఇంకా అక్కడే ఉన్నారు.

ఎవరిదీ కాని కుక్క

పుస్తకంలో నియమాలు సులభంగా ఉంటాయి. పెంపుడు కుక్కయితే లైసెన్సు ఉండాలి, ఏటా రేబిస్ టీకా వేయించాలి, బయటికి తెస్తే మెడకు బెల్టు కట్టి చేత్తో పట్టుకోవాలి. వీధి కుక్కయితే మనం పట్టుకెళ్లి ఆపరేషన్ చేసి, టీకా వేసి, గుర్తుకు చెవి కొన కత్తిరించి, ఏ వీధిలో పట్టామో ఆ వీధిలోనే వదలాలి. ఇంతే.

మన ఊళ్లలో మూడో రకం ఒకటుంది. అది ఒక ఇంట్లో తింటుంది, ఇంకో ఇంటి అరుగు మీద పడుకుంటుంది, వీధి మొత్తానికీ కాపలా కాస్తుంది. "ఇది ఎవరిదప్పా?" అంటే ఎవరూ పలకరు. వల తీస్తే మాత్రం పదిమంది బయటికొచ్చి "మా కుక్కను యాడికి తీసకపోతా ఉండారు?" అని బండికి అడ్డం పడతారు. ఎవరినో కరిచిందా, మళ్లీ అది ఎవరిదీ కాదు.

బెల్టు సంగతి కూడా అంతే. మా కాలనీలో ఒక రిటైరైన బ్యాంకు మేనేజర్ రోజూ పొద్దున్నే తన పెద్ద కుక్కతో నడకకు వచ్చేవాడు. కుక్క ఇరవై గజాల ముందు పోతుంటే, బెల్టు ఆయన చేతిలో మడత పెట్టి ఉండేది. "సార్, బెల్టు కట్టాలి కదా" అన్నాను. "తెచ్చినా కదా" అని చూపించాడు. తర్వాత అందరూ చెప్పే మాటే ఆయనా చెప్పాడు: "మాది కరవదు సార్." కరిచిన ప్రతి కుక్క యజమానీ నాతో చెప్పిన మొదటి మాట అది. 

మా కమిషనర్ చిన్న వయసువాడు, చెడ్డవాడు కాదు, తొందర ఎక్కువ. ఊళ్లో కుక్కకాట్లు పెరిగాయని గొడవైనప్పుడు, కుక్క బయట విడిగా కనిపిస్తే యజమానికి జరిమానా అని చాటింపు వేయించాడు. నన్ను గదికి పిలిచి, "డాక్టర్ గారూ, ఈ మామిడి సీజన్ అయ్యేదాకా కుక్క అనే మాట నాకు వినపడకూడదు" అన్నాడు. ఇట్లాంటి ఆజ్ఞలు విన్నప్పుడు జాగ్రత్తగా ఉండండి. ఆ మాట విన్నాక నేను కుక్కల సంగతి చూడటం మానేసి, కమిషనర్ చెవిన ఏది పడకూడదో చూడటం మొదలుపెట్టాను.

మునెప్ప తోట

ఊరి అంచున, బంగారుపాళ్యం రోడ్డు వైపు, మునెప్ప అనే రైతుకు చిన్న మామిడి తోట ఉండేది. ఆ పక్కనే గుజ్జు ఫ్యాక్టరీ. కాయల సీజన్లో ఆ దారి నిండా ట్రాక్టర్లు, ఫ్యాక్టరీలో పనికి పోయేవాళ్ల టూవీలర్లు, నడిచిపోయే ఆడవాళ్లు. మునెప్ప కుక్క పేరు కరియా. నల్లది, ఎత్తైనది.

జంతువులంటే ప్రేమ ఉన్న ఒక కాలేజీ లెక్చరర్ ఆ కుక్క ఫోటో తీసి కమిషనర్‌కు పంపింది. దాని మెడకు మూరెడు పొడుగు వేపకర్ర తాడుతో వేలాడుతోంది. కమిషనర్ ఆ ఫోటో నాకు పంపి, "ఇదేమిటి?" అని ఒక్క మాట రాశాడు.

అదేమిటో నాకు తెలుసు. గుదికర్ర. మా వైపు దొంగమేత మేసే గొడ్డుకు కడతారు. నడవనిస్తుంది, పరిగెత్తబోతే ముందుకాళ్లకు తగులుతుంది. కుక్కకు కట్టడం మాత్రం అదే మొదటిసారి చూడటం.

జీపులో తోటకు వెళ్లాను. డ్రైవర్ బాషా, నేను. కాయలు కోసేవాళ్లు చెట్ల కింద కూర్చుని అన్నం తింటున్నారు. మునెప్ప నవ్వుతూ ఎదురొచ్చాడు.

"ఏం సార్, ఇంత దూరం? కాయలు కావల్నా?"

"కాయలు కాదప్పా. నీ కుక్కను చూసేదానికి వచ్చినా."

"అయ్యో, దాన్ని సూసేదానికి ఆఫీసర్లు వస్తారని ముందే తెలిసుంటే నీళ్లన్నా పోసుకోనుండు సార్ అది."

కాయలు కోసేవాళ్లు నవ్వారు. నాకు నచ్చలేదు. కర్ర ఎందుకు కట్టావని గట్టిగా అడిగాను.

"దీనికి బండ్లంటే పడదు సార్. బండి సప్పుడు ఇనిందంటే రోడ్డు మిందికే. కట్టేస్తే పొద్దస్తమానం అరిసి అరిసి గొంతు పోగొట్టుకుంటాది. కర్ర ఉంటే తోటంతా తిరగతాది, పరిగెత్తేదానికి కాదు. దానికీ మంచిదే, రోడ్డు మింద పొయ్యేవాళ్లకీ మంచిదే."

నేను వంగి తాడు జరిపి చూశాను. తాడు కింద బొచ్చు ఊడి, చర్మం ఒరుసుకుపోయి పచ్చిపుండు అయ్యింది. ఈగలు. లెక్చరర్ ఫిర్యాదు నిజమే. ఆ కర్ర గొప్ప ఉపాయమనీ, చదువుకున్న మాకు అది అర్థం కాలేదనీ చెప్పబోవడం లేదు నేను. అది కుక్కను బాధపెట్టింది. తియ్యాల్సిందే.

కానీ ఎట్లా తీశానో చూడండి. అందరి ముందూ మునెప్ప చేతిలోని కొడవలి తీసుకుని తాడు కోశాను. కర్రను కంచె అవతలికి విసిరేశాను. ఉపన్యాసం ఇచ్చాను. "మూగజీవాన్ని హింసిస్తే కేసవుతాది, తెలుసునా? గొలుసుతో కట్టెయ్యి. రోడ్డు మీద కనిపించిందా, పట్టుకోనిపోతా."

మునెప్ప నవ్వడం మానేశాడు. "గొలుసు ఎంత పొడుగుండాల సార్?" అని అడిగాడు.

అది సరైన ప్రశ్న. కుక్కను కట్టెయ్యమన్న ఎవరినైనా మొదట అడగాల్సిన ప్రశ్న. "అది కూడా నన్నే అడగతావా? కదలకుండా ఉండాల, అంతే" అన్నాను.

జీపు ఎక్కి కూర్చున్నాక బాషా మెల్లగా అన్నాడు: "సార్, మందు పెట్టె బండ్లోనే ఉండాది. ఐసు కూడా కరగలేదు. వచ్చినాం కదా, ఒక సూది ఏసేస్తామా?"

గడియారం చూసుకున్నాను. కమిషనర్ మీటింగుకు టైమైంది. మునెప్పతో, "ఆదివారం క్యాంపు ఉండాది. అక్కడికి తీసుకోనిరా, టీకా వేస్తాం" అన్నాను.

"ఎట్ల తీసకొచ్చేది సార్ దీన్ని? బండి ఎనకాల కూసోబెట్టుకోనా?"

మళ్లీ నవ్వులు. ఆ నవ్వులకే నేను దిగలేదేమో. దారిలో, కోసిన తాడు ఫోటో కమిషనర్‌కు పంపాను. ఆయన ఫోన్లో బొటనవేలు ఎత్తిన బొమ్మ పంపాడు. ఆ రోజుకు అది చాలనిపించింది నాకు.

ఆదివారం మునెప్ప రాలేదు. నేనూ అడగలేదు.

కొక్కెం

మునెప్ప నా మాట విన్నాడు. అదే జరిగింది. మోటారు కొట్టం గుంజకు కొక్కెం కొట్టి, చేతికి దొరికిన గొలుసు ముక్కతో కట్టేశాడు. నిలబడితే కూర్చోలేనంత పొట్టి గొలుసు. మధ్యాహ్నం నీడ జరిగిపోతే కుక్క ఎండలోనే. పక్కనే ట్రాక్టర్లు. ఒకరోజు ఆ దారిన పోతుంటే దాని అరుపు వినిపించింది. బాషా జీపు నిదానం చేసి, "ఆపల్నా సార్?" అన్నాడు. "వద్దులే, పద" అన్నాను.

కొన్నాళ్లకు ఒక సాయంత్రం కొక్కెం ఊడింది. ఫ్యాక్టరీలో మామిడి ముక్కలు కోసే కళావతి, బడి నుంచి కూతురు హేమను తీసుకుని ఆ దారినే నడిచి ఇంటికి పోతోంది. ఎవరిదో బండి శబ్దం వినపడి కుక్క గొలుసుతో సహా రోడ్డు మీదికి దూకింది. బండి వెళ్లిపోయింది. హేమ భయపడి పరిగెత్తింది. పరిగెత్తేదాన్ని కుక్క వదలదు. పిక్క మీదా, కుడి అరచేతి మీదా కరిచింది. కళావతి టిఫిన్ క్యారియర్‌తో కొట్టి కొట్టి విడిపించింది. కుక్క గొలుసు ఈడ్చుకుంటూ తోటల్లోకి పారిపోయింది.

"అంతా చూసుకుంటాం"

కబురు తెలిసి ఆసుపత్రికి పరిగెత్తాను. పాపకు గాయాలు కడిగి మొదటి టీకా అప్పటికే వేశారు. చెయ్యి మీద గాట్లు లోతుగా ఉన్నాయనీ, గాయాల్లోనే వేసే ఇంకో మందు కావాలనీ, అది ఇక్కడ లేదు కాబట్టి తెల్లవారి తిరుపతి పెద్దాసుపత్రికి తీసుకెళ్లమనీ డ్యూటీ డాక్టరమ్మ కళావతికి చెప్పింది. మళ్లీ మూడో రోజు రెండో టీకాకు రమ్మంది.

వరండాలో జనం. గోడకు ఆనుకుని మునెప్ప నిలబడి ఉన్నాడు. అతని చొక్కా చిరిగి ఉంది. ఎవరో చెయ్యి చేసుకున్నారు. కళావతి నన్ను చూసి దగ్గరికొచ్చింది.

"సార్, ఆ తోటకి పోయి కుక్కను సూసొచ్చింది మీరే అంట కదా. దానికి సూదేసుండారా సార్?"

ఆ ప్రశ్నకు రెండే జవాబులు: వేశాం, వెయ్యలేదు. వెయ్యలేదు అంటే "ఎందుకు?" అంటారు. అంత దూరం వెళ్లి, మందు బండిలో పెట్టుకుని, ఎందుకు వెయ్యలేదు? చుట్టూ కళావతి వాళ్ల వార్డు జనం చెవులప్పగించి ఉన్నారు.

"మేం పోయి చూసినాం కదమ్మా. అంతా చూసుకుంటాం. నువ్వు భయపడొద్దు" అన్నాను.

ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ముప్పై ఏళ్ల ఆఫీసు ఉద్యోగం మనకు నేర్పే విద్య ఇది. ఆమె ముఖం తేటపడింది. ఆమె ఏం విన్నదో నాకు తెలుసు. మునెప్ప తలెత్తి నా వైపు చూశాడు. 

  జీపు ఎక్కాక బాషా, "సార్, ఏసినారనే అనుకోని పోయింది ఆ యమ్మ" అన్నాడు.

"చూసుకుంటామని చెప్పినా కదప్పా."

"అవును సార్. చెప్పినారు."

వెతుకులాట

ఈ జబ్బు గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. లక్షణాలు కనిపించాక మందు లేదు. కనిపించకముందు మందు ఉంది. ఈ రెండింటి మధ్యనే మన ఉద్యోగమంతా.

కరిచిన కుక్కను పది రోజులు బతికించి చూడాలి. అది బాగా తింటూ తాగుతూ ఉంటే, కరిచినప్పుడు దాని నోట్లో జబ్బు లేనట్టే. అందుకని కుక్కను చంపితే పాపకు రావాల్సిన జవాబును చంపినట్టు. వార్డు కుర్రవాళ్లు కర్రలు పట్టుకుని తోటల్లో తిరుగుతున్నారు. కమిషనర్‌తో ఈ సంగతి చెప్పి, వాళ్లను ఆపించమన్నాను. "డాక్టర్ గారూ, ఇది మీరు వాళ్లకు చెప్పండి, నాకెందుకు?" అన్నాడు. వెళ్లి చెప్పాను. ఒకడు, "పిచ్చి కుక్కకు పథ్యం పెట్టి సాకమంటాడు రోయ్ ఈయప్ప" అన్నాడు. అందరూ నవ్వుకుంటూ ముందుకు సాగిపోయారు.

మేమూ వెతికాం. కాలువ గట్లు, తోటల కంచెలు, ఫ్యాక్టరీవాళ్లు టెంకలూ తొక్కలూ పారబోసే దిబ్బ. అక్కడ ఊళ్లో కుక్కలన్నీ చేరతాయి. నల్లగా ఏది కనిపించినా దగ్గరికి పోయి చూసేవాళ్లం. హైవే పక్కన బండి కింద పడి చచ్చిన ప్రతి కుక్క దగ్గరా జీపు ఆపి, దిగి, మెడ చూసేవాణ్ణి. పుండు మచ్చ లేకపోతే మళ్లీ జీపు ఎక్కేవాణ్ణి. ఒక్కోసారి మునెప్ప ఎదురయ్యేవాడు. సత్తుగిన్నె గరిటెతో కొట్టుకుంటూ, "కరియా, కరియా" అని పిలుస్తూ తిరిగేవాడు. నన్ను చూస్తే గిన్నె ఆపి పక్కకు జరిగి దారిచ్చేవాడు. అంతకన్నా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పసరు

అట్లా తిరుగుతూ ఒకరోజు కళావతి వాళ్ల వీధిలోంచి వెళ్లాం. గుమ్మం ముందు హేమ కూర్చుని ఉంది. కుడిచేతికి ఆకు పసరు పచ్చగా పట్టించి ఉంది. పక్కన వాళ్ల అవ్వ, కళావతి అత్త, బియ్యం చెరుగుతోంది. జీపు ఆపించాను.

"అవ్వా, పాపను తిరుపతికి తీసకపోయినారా?"

"తిరుపతికెందుకు నాయనా, మొక్కేమన్నా ఉండాదా?"

"ఆసుపత్రికి. చేతికి మందు వెయ్యాల కదా. రెండో సూది వేయించినారా?"

"ఇంగేం సూది? ఆ కుక్కకు ముందే సూదేసుండారంట. కుక్కల డాక్టరే చెప్పినాడంట మా కోడలికి, భయం లేదని. మావూళ్లో పసరుమందు ఇచ్చే ఆయన కాడ తాగించినా. పథ్యంలో ఉండాది బిడ్డ. ఈ పసరు మింద సూది పడితే ఇసమైపోతాది."

ఆ కుక్కల డాక్టరు నేనేనని అవ్వకు తెలియదు.

 రెండో టీకా రోజు దాటిపోయింది. గాయంలో వేసే మందు, మొదటి టీకా వేసిన వారంలోపు అయితేనే వేస్తారు. ఆ వారం సగం దాటింది. కుక్క ఇంకా దొరకలేదు. అది బతికి ఉందో లేదో తెలియదు. పాప మాత్రం నా ముందు కూర్చుని, ఎడం చేత్తో నేల మీద గీతలు గీసుకుంటోంది.

లోపలి నుంచి కళావతి వచ్చింది. షిఫ్టుకు తయారై ఉంది, జుట్టు మీద ఫ్యాక్టరీ టోపీ. "రాండి సార్. కుక్క దొరికిందా?" అంది.

అప్పుడు కూడా నాకు తప్పించుకునే మాట తోచింది. 'ఎందుకైనా మంచిది, ఇంకో సూది వేయిద్దాం' అనొచ్చు. మర్యాద మిగులుతుంది. కానీ 'ఎందుకైనా మంచిది' అనే మాటకు అవ్వ పసరు మానదు. నిజం ఒక్కటే ఆ ముసలామెను కదిలిస్తుంది.

"కళావతమ్మా, ఆ కుక్కకు సూది వెయ్యలేదు."

"ఎయ్యలేదా?"

"వెయ్యలేదు. ఆ రోజు మందు జీపులోనే ఉండింది. బాషా గుర్తు చేసినాడు. నేను దిగలేదు. దాని మెడలో కర్ర కోసి కట్టెయ్యమన్నది కూడా నేనే. కట్టేస్తే అరిసి అరిసి సస్తాదని మునెప్ప ముందే చెప్పినాడు."

పక్కింటివాళ్లు బయటికి వచ్చారు. అవ్వ చేట కింద పెట్టింది. కళావతి నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. టోపీ తీసి చేతిలో నలుపుతూ అడిగింది.

"ఆ పొద్దు ఆసుపత్రిలో అడిగితి కదా. ఎందుకు చెప్పలా?"

"భయపడినా."

"నువ్వు భయపడితే నా బిడ్డ సావాల్నా?"

అంతవరకు ఆమె నన్ను మీరు అనేది.

అవ్వ ఇంకా ఒప్పుకోలేదు. "పసరు తాగింది మే, ఇప్పుడు సూదేస్తే..." అని అడ్డం వచ్చింది. "అవ్వా, ఏమన్నా అయితే నన్ను పోలీసులకు పట్టియ్యి. నేను ఆసుపత్రి వదిలిపెట్టి పోను" అన్నాను. "నిన్ను నమ్మితే కదా నాయనా" అంది అవ్వ. కళావతి అప్పటికే పాపను చంకనెత్తుకుని జీపు ఎక్కేసింది.

 తిరుపతి దారిలో చాలా దూరం పోయాక హేమ ముందుకు వంగి నన్ను అడిగింది: "సార్, నాకు కుక్క మాదిరి అరుపు వస్తాదా? మా క్లాసులో చెప్తా ఉండారు."

"రాదమ్మా" అనబోయాను. కళావతి పాపను వెనక్కి లాక్కుంది. "ఆయన్ను అడగొద్దు. ఆడ డాక్టరమ్మను అడుగుదాం."

ఆ రోజే గాయంలో మందు వేశారు. రెండో టీకా వేశారు. ఆలస్యమైనందుకు అక్కడి డాక్టరమ్మ కళావతిని తిట్టింది. కళావతి నా వైపు చేయి చూపించి ఉండొచ్చు. చూపించలేదు, తల వంచుకుని విన్నది. ఆమె తిట్లు తింటుంటే వినలేక, "తప్పు ఆమెది కాదు, నాది" అన్నాను. డాక్టరమ్మ, "మీరెవరు?" అంది. "ఆ కుక్కకు సూది వెయ్యని డాక్టర్ని" అన్నాను.

పైవాళ్లు, కిందివాళ్లు

తిరిగి వచ్చాక కమిషనర్ గదికి వెళ్లి జరిగిందంతా చెప్పాను. కుక్క కరిచిందని ఆఫీసు తరఫున మునెప్ప మీద పెట్టించిన ఫిర్యాదులో సగం నా మీద పెట్టాలన్నాను. ఆయన కుర్చీ చూపించి, "మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు కదండీ" అన్నాడు. దయతోనే అన్నాడు. పైవాళ్ల కోపం కన్నా అట్లాంటి దయకే ఎక్కువ భయపడండి. నాకు మెమో ఇచ్చారు. మునెప్ప మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

"ఆ రోజు ఆసుపత్రిలో నువ్వైనా ఎందుకు చెప్పలేదప్పా?" అని మునెప్పను అడిగాను. నామీద గౌరవంతో ఊరుకున్నాడని ఒక మూల ఆశ.

"చెప్పి యాడికి పోయేది సార్? రేపు దేనికైనా మీ ఆఫీసుకే కదా రావల్ల. గమ్మున ఉంటే ఒకరే కొడతారు. చెప్తే ఇద్దరు."

గొలుసు పొడుగు

పాపకు మూడో టీకా కూడా అయ్యింది. పది రోజులు దాటాయి. కుక్క జాడ లేదు. ఇక దొరకదని మనసు చంపుకున్నాక ఒక మధ్యాహ్నం మునెప్ప ఫోన్ చేశాడు. గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"సార్, కరియా వచ్చినాడు. ఎవరికీ చెప్పొద్దండి. కొట్టి సంపేస్తారు."

వెళ్లేసరికి మోటారు కొట్టం వెనక పడుకుని ఉంది. ఎముకలు తేలాయి. మెడకు గొలుసు ఇంకా వేలాడుతోంది. ఎక్కడ తిరిగిందో, ఎవరు అన్నం పెట్టారో తెలియదు. మునెప్పను దూరంగా ఉండమని, నేను గిన్నెలో నీళ్లు పోసి కర్రతో ముందుకు తోశాను. అది లేచి, నన్ను చూసి గుర్రుమని, గిన్నెలో మూతిపెట్టి గటగటా తాగింది. మొత్తం తాగింది. కరిచి పది రోజులు దాటాక కూడా నీళ్లు తాగుతోంది.

పాపకు జబ్బు రాదు. ఈ కుక్క వల్ల రాదు.

అయితే ఇది నాకు క్షమాపణ కాదు. కుక్క నోట్లో విషం లేకపోవడం నా గొప్ప కాదు. ఆ రోజులన్నీ ఉందో లేదో తెలియకుండానే నేను ఒక తల్లిని మభ్యపెట్టాను.

ఆ రోజు మొదట సూది వేశాను. తర్వాతే నోరు తెరిచాను. మెడ పుండుకు మందు రాశాక మునెప్ప, "ఇప్పుడు దీన్నేం జేయమంటావు సార్? కర్ర వద్దంటివి. కట్టేస్తే ఇట్లాయె" అన్నాడు. బాషా, మునెప్ప, నేను ముగ్గురం కలిసి రెండు మామిడిచెట్ల మధ్య ఇనుప తీగ లాగి, దానికి కడియం తగిలించి, కడియానికి గొలుసు కట్టాం. కుక్క తీగ పొడవునా ఇటూ అటూ పరిగెత్తొచ్చు. "పొడుగెంత?" అన్నాడు మునెప్ప. ఈసారి నేల మీద గొలుసు పరిచి, కుక్కకు నీడ అందేలా, నీళ్ల గిన్నె అందేలా, రోడ్డు అందకుండా కొలిచి చూపించాను. చట్టం అమలు చేయడమంటే నాకు తెలిసి ఇంతే. ఈ పని మొదటిరోజే చేసి ఉండాల్సింది.

సీసా

కళావతి ఇంటికి వెళ్లి చెప్పాను: కుక్క బతికే ఉంది, బాగుంది, పాపకు భయం లేదు.

ఆమె గుమ్మంలోనే నిలబడి విన్నది. "ఆ పొద్దు కూడా ఇట్లనే చెప్తివి, భయపడొద్దని" అంది. గడప దిగి, "నేను సూడాల" అంది.

మర్నాడు షిఫ్టుకు పోయే ముందు పాపను తీసుకుని తోటకు వచ్చింది. వాళ్లను చూసి కరియా తీగ మీద కడియం గరగరలాడిస్తూ పరిగెత్తుకొచ్చింది. గొలుసు ఉన్నంత వరకు వచ్చి ఆగిపోయింది. హేమ వాళ్లమ్మ వెనక్కి పోయి చీర పట్టుకుంది.

"ఇదేనా పాపా? సరిగ్గా సూడు."

"ఇదే మా."

కుక్క అరిచి అరిచి అలిసి, వెనక్కి పోయి నీళ్లు తాగింది. "తాగతా ఉండాదే" అంది కళావతి, ఎవరితోనో కాదు, తనలోనే. తర్వాత మునెప్పను దాటి తీగ కట్టిన చెట్టు దాకా పోయి, ముడిని రెండు చేతులతో గుంజి చూసింది. మునెప్ప, "ఇంగా గుంజు మేయ్, ఏం కాదు" అన్నాడు. ఇంకా గుంజింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"దీనికి సూదేసినావా?"

"నిన్ననే వేసినానమ్మా."

"నేను సూళ్లేదు కదా. ఇప్పుడెయ్యి."

ఏడాదికి ఒకటి చాలు అని చెప్పబోయి ఆగాను. ఇంకోటి వేసినా కుక్కకు నష్టం లేదు. బాషా అప్పటికే జీపులోంచి మందు పెట్టె దించుకుని వస్తున్నాడు. మునెప్ప కుక్క మూతికి గుడ్డ చుట్టి పట్టుకున్నాడు. నేను సీసా ఎత్తి ఆమెకు కనిపించేట్టు మందు సిరంజిలోకి లాగి, ఆమె చూస్తుండగా సూది వేశాను.  

"ఆ సీసా ఇట్లియ్యి" అంది.

ఖాళీ సీసా ఇచ్చాను. ఆమెకు ఇంగ్లీషు చదవడం రాదు. వంగి పాపకు చూపించింది. "ఏమి రాసుండాదో సదువు." హేమ కట్టు కట్టిన చేత్తోనే సీసా పట్టుకుని, అక్షరాలు ఒక్కొక్కటే కూడబలుక్కుని పేరు మొత్తం చదివింది. కళావతి చివరి అక్షరం దాకా విన్నది. విని, సీసాను కొంగున ముడేసుకుని, పాప చెయ్యి పట్టుకుని రోడ్డు వైపు నడిచింది.